నడిబజారులో పిల్ల మొహం

పుదుచ్చేరిలో ఒక మనిషికి మర్యాద చేయాలంటే ఫ్లెక్సీ కట్టాలి. పెళ్ళయితే ఫ్లెక్సీ, చెవులు కుట్టిస్తే ఫ్లెక్సీ, చచ్చిపోతే కన్నీటి ఫ్లెక్సీ. ఏడాది నిండిన పసివాడికి కిరీటం పెట్టి, సింహాసనం మీద కూర్చోబెట్టి, వెదురు బొంగులు పాతి సగం రోడ్డుకి అడ్డంగా నిలబెడతారు. కింద వరసగా బంధుమిత్రుల పాస్‌పోర్టు ఫోటోలు. మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి పీకేస్తారు, మర్నాటికి మళ్ళీ లేస్తాయి. యానాం నుంచి బదిలీ మీద ఇక్కడికి వచ్చిన నేను వాటిని చూసి ఏళ్ళ తరబడి నవ్వుకున్నాను. ఇప్పుడు చూస్తే ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను.

ముత్తియాల్‌పేటలో, మార్కెట్టుకి రెండు వీధుల అవతల, ఒక పాత మేడలో ఆడపిల్లల ఆశ్రమం ఉంది. ఒక ట్రస్టు వాళ్ళు నడుపుతారు. సొంత ఇంట్లో ఉంటేనే ప్రమాదమని పిల్లల సంక్షేమ కమిటీ పంపిన పిల్లలు అక్కడ ఉండి, దగ్గర్లోని సర్కారు బడికి వెళ్ళి చదువుకుంటారు. నేను సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరై, మూలకుళంలో ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుని విసుగెత్తి, సాయంత్రాలు అక్కడికి వెళ్ళి లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను. పిల్లలు టీచర్ అని పిలిచేవాళ్ళు. అరవై దాటాక దొరికిన ఆ పిలుపంటే నాకు మహా సోకు. ఆ సోకు చేసిన నిర్వాకం కూడా చెబుతాను.

వంట చేయడం, గేటు దగ్గర కాపలా, పిల్లలకి జడలు వేయడం, జ్వరమొస్తే పక్కన కూర్చోవడం, అన్నీ ఒక పెద్దావిడే చేసేది. పిల్లలతో పాటు నేనూ ఆయమ్మ అనే పిలిచేదాన్ని. ఆవిడ పెద్దలు ఎన్నో తరాల కిందట వచ్చి ముత్తియాల్‌పేటలో స్థిరపడిన తెలుగువాళ్ళు. నోరు తెరిస్తే తెలుగే, కానీ తెలుగు అక్షరం ఒక్కటి రాదు. ట్రస్టు కార్యదర్శీ అంతే. వాళ్ళది తాతలనాటి జవుళి వ్యాపారం. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, తెలుగు కాగితం చేతికిస్తే తెల్లమొహం వేస్తాడు. ఆ ఆశ్రమంలో మన అక్షరాలు చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే.

అలాంటి ఇంటికి ఆ పిల్ల వచ్చింది. అప్పటికి పదమూడేళ్ళు. ఏంబలం వైపు పల్లె, అంతకంటే వివరం చెప్పను. వాళ్ళూ తెలుగువాళ్ళే. తల్లి పోయింది, తండ్రి ఎక్కడున్నాడో తెలియదు. అమ్మమ్మ ఇంట్లో పెరిగింది. ఆ ఇంట్లోనే మేనమామ ఉన్నాడు, ముప్పై ఏళ్ళు దాటినవాడు, చిన్న లోడు బండి తోలుకుంటాడు. అక్కకి కూతురు పుడితే తమ్ముడికే అనుకోవడం వాళ్ళ వైపు ఆచారం. ఆ మాటకొస్తే మా గోదావరి వైపూ ఉండేది, మేమేం తక్కువ తినలేదు. ఆ పిల్ల పెద్దమనిషైన నెలకే ముహూర్తం మాట్లాడేశారు. ఆమె బళ్ళో క్లాసు టీచరుకి చెప్పుకుంటే, ఆ మహాతల్లి ధైర్యం చేసి పిల్లల హెల్ప్‌లైనుకి ఫోన్ చేసింది. కమిటీ వాళ్ళు వెళ్ళి తీసుకొచ్చి మాకు అప్పగించారు. ఈ పిల్ల ఎక్కడుందో బయటికి పొక్కకూడదని ఆర్డరులో రాశారు. కార్యదర్శి చదువుకునే సంతకం పెట్టాడు.

మొదట్లో నోరు విప్పేది కాదు. లెక్క ఇస్తే మాత్రం పెన్సిలు ఆగేది కాదు. నేను చెప్పిన దారిలో కాకుండా తన సొంత దారిలో చేసి, జవాబు దగ్గర నాకంటే ముందే వచ్చి కూర్చునేది. ఒకరోజు లెక్కలయ్యాక నా పక్కనే నిలబడింది.

"టీచర్, మన అక్షరాలు నాకు నేర్పిస్తారా? మా ఇంట్లో ఎవురికీ రావు."

"తమిళం చదువుతున్నావు, ఇంగ్లీషు చదువుతున్నావు. ఇది కూడా ఎందుకే?"

"నేను మాట్లాడేది నేనే రాసుకోవాల టీచర్."

అలా రోజూ లెక్కల తర్వాత పావుగంట తెలుగు. తలకట్లు ఎగరగొట్టేది, వత్తులు పక్కింటికి పంపేది. అయినా ఏడాది తిరిగేసరికి మాటలు కూడబలుక్కుని చదివేది, వంకరగా అయినా రాసేది. మిగతా పిల్లలకి ఆ గీతలు చూస్తే నవ్వు. ఆమెకి అదొక సొంత గది దొరికినట్టుండేది.

ఒకసారి అక్షరాలు దిద్దుతూ దిద్దుతూ ఫ్లెక్సీ సంగతి చెప్పింది. పెద్దమనిషైనప్పుడు పసుపునీళ్ళ వేడుక చేసి, వాళ్ళ వైపు పద్ధతి ప్రకారం ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టారట. ఒక పక్క పట్టుచీర, పూలజడతో ఆమె నిలువెత్తు ఫోటో. రెండో పక్క చలవ కళ్ళద్దాలు పెట్టుకుని మేనమామ. ఆమె బడికి వెళ్ళే దారి అదే. మగపిల్లలు దాని కింద నిలబడి ఏవేవో అనేవాళ్ళట. వానకి తడిసి చిరిగి పడేదాకా తను ఆ దారిన పోనేలేదని, పొలం గట్ల మీద చుట్టూ తిరిగి బడికి పోయేదాన్నని చెప్పింది. "అందురూ నా మొహం చూస్తా ఉండారు టీచర్. నన్ను మాత్రం ఎవురూ అడగలేదు" అంది. ఆ మాట నేను చెవులారా విన్నాను. విని, అయ్యో తల్లీ అన్నాను. ఇది గుర్తు పెట్టుకోండి, నేను తర్వాత ఏం చేశానో చెబుతాను కదా.

పదో తరగతికి వచ్చింది. ఆ ఏడు బళ్ళ మధ్య జరిగిన లెక్కల పోటీలో మొదటి బహుమతి తెచ్చుకుంది. కప్పు పట్టుకుని సాయంత్రం ఆశ్రమం మెట్లెక్కి వస్తుంటే నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఫోన్ తీశాను. ఆ పిల్ల కప్పు అడ్డం పెట్టుకుంది.

"వద్దు టీచర్."

"నా కోసమే! ఎవరికీ చూపించనే, ఒట్టు."

ఒట్టు అన్నాక కప్పు దించింది. కొంచెం నవ్వింది కూడా. ఫోటో తీశాను. అరగంట కూడా ఆగలేదు నేను. ట్రస్టు వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను, చప్పట్ల బొమ్మలు కూడా జోడించి, "నా శిష్యురాలు" అని. ఆమె విజయం అని కాదు చూడండి, నా శిష్యురాలు అని! ఆ రెండు మాటలు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ట్రస్టు వార్షికోత్సవం దగ్గర పడింది. ముఖ్య అతిథి ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని హడావుడి. మీటింగులో కార్యదర్శి ఈసారి మార్కెట్టు కూడలిలో పెద్ద ఫ్లెక్సీ కట్టిస్తున్నానన్నాడు. పిల్లల ఫోటోలు వేయకూడదేమో కదండీ అని నేను అడిగిన మాట నిజమే. అడిగానని చెప్పుకుంటే సరిపోదు, ఎలా అడిగానో కూడా చెప్పాలి. సమోసా తింటూ అడిగాను.

ఆయన నవ్వాడు. "టీచరమ్మా, మనం చేసే మంచి పని నలుగురికీ కనపడకపోతే ఎట్లా? బంగారట్లాంటి పిల్ల. మన ఊళ్ళో కౌన్సిలర్ కొడుక్కి పుట్టినరోజంటే ఫ్లెక్సీ పెడతారే, ఫస్టు ప్రైజు తెచ్చిన అనాథ బిడ్డకి పెట్టకూడదా? అది దానికి గౌరవం కాదా?"

"మీ ఇష్టం" అన్నాను. ఇంకో సమోసా తీసుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత ఆటోలో వస్తుంటే కూడలిలో కనపడింది. మనిషికి రెండింతల ఎత్తు ఫ్లెక్సీ. ఎడమవైపు ముఖ్య అతిథి దండం పెడుతూ, కుడివైపు కార్యదర్శి దండం పెడుతూ. మధ్యలో కప్పు పట్టుకుని ఆ పిల్ల, నేను తీసిన ఫోటో. కింద ఆమె పేరు, ముందు తండ్రి ఇనిషియల్, చదివే బడి, తరగతి. ఆ కింద పెద్ద తమిళ అక్షరాల్లో, చీకటి నుంచి వెలుగులోకి వచ్చిన బిడ్డ అని. అన్నిటికంటే కింద ఆశ్రమం చిరునామా.

ఇవన్నీ ఇప్పుడు ఇంత వివరంగా చెబుతున్నాను కానీ, ఆ రోజు నేను చూసింది వేరే. అడుగు వరసలో గుండ్రటి చట్రాల్లో మా సేవకుల ఫోటోలు ఉన్నాయి. ఎడమ నుంచి నాలుగోది నాది. గౌరవ ఉపాధ్యాయిని అని రాశారు. ఆటో ఆపించి దిగి, ఫోటో తీసి యానాంలో మా తమ్ముడికి పంపాను. "అక్కా, లీడరువైపోయావు కదే" అని వాడు జవాబు పెట్టాడు. మురిసిపోయాను. మర్నాడు అదే దారిన వస్తూ మళ్ళీ చూశాను, ఆ మర్నాడూ చూశాను. మూడుసార్లూ చూసుకున్నది నా మొహమే.

వంటింట్లో ఆయమ్మ నన్ను నిలదీసింది.

"టీచరమ్మా, నడిబజార్లో పిల్ల మొహం ఏందికి పెట్టినారు? దాన్ని అడిగినారా?"

"గౌరవం కోసమే కదా ఆయమ్మా. అంత పెద్ద బహుమతి తెచ్చింది."

"దాచిపెట్టేదానికి కదా దాన్ని ఈడికి తెచ్చినారు? దాచిపెట్టేదాన్ని ఎవురైనా మార్కెట్టులో కట్టిపెడతారా?"

"అన్నీ కార్యదర్శిగారికి తెలుసులే" అన్నాను. అక్షరం రాని ఆయమ్మకి తెలిసిన ముక్క, ఫైళ్ళు చూసి చూసి కళ్ళద్దాలు తెచ్చుకున్న నాకు తెలియలేదు. తెలియలేదు అనడం కూడా అబద్ధమే. తెలుసుకోబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం ఆ పిల్ల లెక్కలకి రాలేదు. తలనొప్పి అని కబురు పంపింది. మర్నాడు బడి నుంచి ఆలస్యంగా వచ్చింది. కూడలి మీదుగా రాకుండా వెనక సందుల్లోంచి చుట్టూ తిరిగి వస్తోందని తోటి పిల్ల చెప్పింది. అప్పుడు నా గుండె కాస్త కలుక్కుమంది. వార్షికోత్సవం అయిపోతే ఎలాగూ తీసేస్తారు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఉత్సవం అయిపోయింది. ఎవరూ తీయలేదు.

ఆ ఆదివారం పొద్దున్న పిల్లలు తలంట్లు పోసుకుని మేడ మీద ఎండలో జుట్టు ఆరబెట్టుకుంటున్నారు. పరీక్షలు దగ్గర పడ్డాయని నేను త్వరగా వచ్చాను. గేటు దగ్గర లోడు బండి ఆగింది. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో ఒక మనిషి దిగాడు. వెనక ఇద్దరు పెద్దవాళ్ళు. చేతుల్లో పళ్ళేలు, వాటిలో అరటిపళ్ళు, మల్లెపూలు, పసుపురంగు చీర. కేకలేస్తూ వచ్చి ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదేమో. వాడు చెప్పులు బయట విడిచి, నాకు దండం పెట్టాడు.

"మా అక్క కూతురు ఈడ ఉండాది కదమ్మా. రెండేండ్లుగా యాడుందో తెలీక మా అమ్మ ఏడ్చని దినం లేదు. మా ఊరి ఆకుకూరలామె మార్కెట్టుకొచ్చి బేనర్‌లో చూసినాది. పరిగెత్తుకొచ్చి చెప్పినాది. ఎంత సంతోషపడినామో! మీరు బాగా చదివించినారు, చాలా మంచిది. పిల్లను పంపించేయండి, ముహూర్తం పెట్టుకుంటాం."

మేడ మీద నుంచి ఏదో కింద పడిన చప్పుడైంది. తర్వాత తెలిసింది, ఆ పిల్ల వాణ్ణి చూసి, చేతిలో దువ్వెన పారేసి, స్నానాల గదిలోకి దూరి గడియ పెట్టుకుంది.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీద అరవను? ఈ ఇంటి దారి వాడికి చూపించిన ఫోటో తీసింది నేను. దొంగ చేతికి తాళంచెవి ఇచ్చి, ఇంట్లోకి ఎందుకొచ్చావని వాణ్ణి ఏ మొహంతో తిట్టను? ఆయమ్మ మాత్రం క్షణం ఆలోచించలేదు. వంటింట్లోంచి కత్తిపీట, బుట్టెడు ఉల్లిపాయలు తెచ్చుకుని, మేడ మెట్లకి అడ్డంగా చతికిలబడింది. ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది.

నేను పక్కకి వెళ్ళి కమిటీ ఆవిడకి ఫోన్ చేశాను. ఆవిడ ఊళ్ళోనే ఉంది, పోలీసులతో వస్తానంది. ఈలోపు కార్యదర్శి వచ్చాడు. ఆయన వాళ్ళని బయటికి గెంటిస్తాడనుకున్నాను. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు!

"బంధువులే కదా టీచరమ్మా. మర్యాదగా వచ్చినారు, మర్యాదగా మాట్లాడి పంపిద్దాం" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. గొంతు తగ్గించి, "మన బేనరు చూసినారా, ఏంబలం దాకా పోయింది" అన్నాడు. ఆ మాటలో నిజంగానే కొంచెం సంతోషం ఉంది. కంచే చేను మేస్తుంటే చూడడమంటే ఇదే. ఆయన చెడ్డవాడు కాడు, అదే నా ఏడుపు. చెడ్డవాడైతే ఈపాటికి ఎవరో ఒకరు తరిమేసేవాళ్ళు.

"ఆ కాఫీ గ్లాసు కింద పెట్టించండి. ఆ పిల్లని ఎవరి నుంచి దాచమని మీ చేత సంతకం పెట్టించారో వాడే వీడు. వాడికి కాఫీ ఇస్తారా మీరు?" అని అరిచాను. మేడ మీద పిల్లలందరికీ వినపడేలా అరిచాను. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఏం ఒరిగింది? నేను అరవాల్సిన రోజు మీటింగులో సమోసా తిన్నాను.

మేనమామ లేచి మెట్ల దాకా వచ్చాడు. ఆయమ్మ తలెత్తలేదు.

"జరగండి పెద్దమ్మా. బిడ్డను ఒక్కసారి చూసి పోతాను."

"బిడ్డ నిన్ను చూడాలంటాదేమో ఆడనే నిలబడి అడుగు" అంది ఆయమ్మ.

వాడు పైకి చూసి పేరు పెట్టి పిలిచాడు. రెండుసార్లు, మూడుసార్లు పిలిచాడు. పై నుంచి పలుకు లేదు. ఆయమ్మ ఇంకో ఉల్లిపాయ తీసుకుంది. "ఇన్నావు కదా. అదే జవాబు" అంది.

కమిటీ ఆవిడ, ఇద్దరు పోలీసులు వచ్చేసరికి గంట పట్టింది. మైనరు పిల్లకి పెళ్ళి చేస్తే ఏమవుతుందో ఆవిడ వాళ్ళకి విడమరిచి చెప్పింది, కాగితం రాయించుకుంది. వాడు సంతకం పెట్టాడు. పోతూ పోతూ గేటు దగ్గర నా వైపు తిరిగాడు. బెదిరింపు కూడా లేదు వాడి గొంతులో. "మీ ఇల్లు తెలిసింది కదమ్మా. బడికి పోవాలన్నా, పరీక్ష రాయాలన్నా బిడ్డ బయటికి రావాల్సిందే కదా. నేను యాడికీ పోను" అన్నాడు. పళ్ళేలు అరుగు మీదే వదిలేసి వెళ్ళాడు. అవి ఎవరూ ముట్టుకోలేదు. మల్లెపూలు ఆ ఎండకి అక్కడే వాడిపోయాయి.

కమిటీ ఆవిడ కూడలి దాకా వెళ్ళి ఫ్లెక్సీ చూసి వచ్చింది. కార్యదర్శిని నిలబెట్టి అడిగింది. ఆర్డరులో ఏం రాశామో, చట్టం ఏం చెబుతుందో, ఆయన సంతకం ఎక్కడుందో ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించింది. ఆయన దగ్గర ఒకటే మాట, గౌరవం కోసం చేశాను మేడమ్ అని. ఈ ఫోటో ఎవరు తీశారని అడిగింది. నేను తీశాను అన్నాను. ఆవిడ నన్నొక చూపు చూసి, ఆర్డరు కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత అసలు మాట చెప్పింది. ఆ పిల్లని ఇక్కడ ఉంచడానికి వీల్లేదు. వేరే ఊరికి మార్చాలి. పదో తరగతి పరీక్షలకి ఇంకా ఏడు వారాలు.

"మరి పరీక్షలండీ?" అన్నాను.

"బడి మారాలి, పరీక్ష రాసే చోటు మారాలి. నా ప్రయత్నం నేను చేస్తాను. ఈ ఏడు రాయగలదో లేదో మాటివ్వలేను" అంది.

తప్పు చేసింది కార్యదర్శి, నేను. మూటాముల్లె సర్దుకోవాల్సింది ఆ పిల్ల. ఆయన తన ఇంట్లో తన మంచం మీద పడుకుంటాడు, నేను మూలకుళంలో నా ఇంట్లో. రెండేళ్ళు కష్టపడి చదివిన పిల్ల పుస్తకాలు మూట కట్టుకుని తెలియని ఊరు పోవాలి. ఇది ఏ దేవుడు రాసిన న్యాయమో ఎవరైనా నాకు చెబితే బాగుండును.

మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా నేను కూడలికి బయల్దేరాను. ఆయమ్మ కూరగాయల కత్తి కొంగులో దోపుకుని వెనకే వచ్చింది. మిట్టమధ్యాహ్నం, నడిరోడ్డు మీద, ఇద్దరు ముసలమ్మలం. టీకొట్టు దగ్గర స్టూలు అడిగి తెచ్చుకుని నేనెక్కాను, ఆయమ్మ పట్టుకుంది. ఆటోవాళ్ళు చుట్టూ చేరారు.

"ఏందమ్మా, ఏ పార్టీ మీది?" అని ఒకడు నవ్వాడు.

"నీ బిడ్డ మొహం ఈడ కట్టినా చింపుతాం రా, పో" అంది ఆయమ్మ.

ముందు పేరు కోశాను, తర్వాత మొహం. ఫ్లెక్సీ గట్టిది, చెయ్యి నొప్పి పుట్టింది. ఆ కప్పు పట్టుకున్న చేతులు అలాగే ఉండిపోయాయి. కిందికి దిగాక ఎడమ నుంచి నాలుగో చట్రం నా కళ్ళెదురుగా ఉంది. అది కూడా కోసేశాను, కసి తీరా కోశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. ఆ మొహం ఈపాటికి ఎన్ని ఫోన్లలో ఉందో ఎవరికి తెలుసు? మర్నాడు కార్యదర్శి నాతో, "మీ బాధ అర్థమైంది టీచరమ్మా, కానీ ముఖ్య అతిథి భుజం కూడా చిరిగింది" అన్నాడు.

రెండు రోజులకి కమిటీ వాళ్ళ జీపు వచ్చింది. ఎక్కడికి తీసుకెళుతున్నారో మాలో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది. ఆ పిల్ల సంచి భుజానికి తగిలించుకుని నా దగ్గరికి వచ్చింది.

"టీచర్, మీ ఫోన్ ఒకసారి ఇస్తారా?"

ఇచ్చాను. తన ఫోటో వెతికి తీసేసింది. తీసేసినవి ఫోన్ దాచుకునే చోటు ఒకటుంటుందని నాకు తెలియదు, ఆమెకి తెలుసు. అక్కడా తీసేసింది. ఫోన్ తిరిగి ఇస్తూ అడిగింది.

"ఇంకా ఎవురికి పంపినారు?"

"గ్రూపులో పెట్టాను. ఆ ఫ్లెక్సీ ఫోటో మా తమ్ముడికి పంపాను."

"ఎవురికీ చూపించను అన్నారు కదా టీచర్? ఒట్టు పెట్టినారు."

నలభై ఏళ్ళు ఎంతోమంది ఆఫీసర్లకి ఎదురు జవాబు చెప్పిన నోరిది. తప్పు నాదే తల్లీ అన్నాను. సరే టీచర్ అంది. ఏడవలేదు, తిట్టలేదు. తెలుగు అక్షరాలు దిద్దుకున్న నోటుపుస్తకం మాత్రం సంచిలో పెట్టుకోకుండా చేత్తో పట్టుకుంది. ఆయమ్మ దగ్గరికి వెళ్ళి ఆమె భుజం మీద కాసేపు తల పెట్టుకుంది. నా దగ్గరికి అలా రాలేదు. రావాల్సిన అవసరమూ లేదు.

పరీక్షలు వచ్చాయి, పోయాయి. ఆమె రాసిందో లేదో తెలియదు. కమిటీ ఆవిడని అడిగితే, అడగకండి అని ఒక్క మాటతో ముగించింది. నేను ఆశ్రమం మానలేదు. మానేస్తే నా సిగ్గు నేను ఇంట్లో దాచుకున్నట్టవుతుంది. గేటు లోపలికి అడుగు పెట్టేవాళ్ళందరి ఫోన్లూ ఆయమ్మ దగ్గర స్టీలు డబ్బాలో వేయాలని పట్టుబట్టాను. కార్యదర్శి గొణిగాడు. ఆయన ఫోనే ముందు వేయించాను. వచ్చే ఏడు ఫ్లెక్సీలో పిల్లల మొహాలు మసకగా వేయిద్దామని ఆయన రాజీకొచ్చాడు. అంటే ఆయన మొహం మాత్రం తేటగా ఉండాలన్నమాట. ఫ్లెక్సీయే లేదు పొమ్మన్నాను. ఇప్పుడు నా వెనక నన్ను గయ్యాళి టీచరంటారని తెలుసు. అననివ్వండి.

ఎండాకాలం సెలవులు అయిపోయే రోజుల్లో ఆశ్రమానికి ఒక పోస్టుకార్డు వచ్చింది. పైన ఇంగ్లీషులో చిరునామా, టీచరుగారికి అని. వెనకవైపు నాలుగు వంకర వరసలు, తెలుగులో. పోస్టుమాన్ చేతి నుంచి కార్యదర్శే తీసుకున్నాడు. తిప్పి చూశాడు, మళ్ళీ తిప్పి చూశాడు. కవరు లేదు, దాపరికం లేదు, లోకం మొత్తం చదువుకోవచ్చు. ఆ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ రాదు. తెచ్చి నాకిచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"తెలుగులో ఉండాదే. ఎవరు రాసినారు టీచరమ్మా?"

చదివాను. తలకట్లు అప్పటిలాగే ఎగిరిపోయాయి. లెక్కల మార్కులు విడిగా ఒక వరసలో వేసి, వాటి కింద రెండు గీతలు కొట్టింది. చివరి వరసలో, ఎవురికీ చూపించొద్దు టీచర్, ఈసారైనా అని ఉంది. ఒట్టు అనే మాట ఎక్కడా వాడలేదు.

"మా యానాం చుట్టాలండీ. ఎవరికో పెళ్ళి కుదిరిందట" అన్నాను. ఆయన శుభం అని వెళ్ళిపోయాడు.

వంటింట్లోకి వెళ్ళాను. ఆయమ్మ నా మొహం చూసి పొయ్యి మంట తగ్గించింది. పరీక్ష రాసింది, పాసైంది అని చెవిలో చెప్పాను. అంతవరకే చెప్పాను. ఆవిడా అంతకంటే అడగలేదు. కార్డు పొయ్యిలో పెట్టాను. ముందు పోస్టు ముద్ర ఉన్న మూల అంటుకుంది. ఊరి పేరు చదవకుండా కళ్ళు తిప్పుకున్నాను.

లెక్కల్లో ఎన్ని వచ్చాయో నాకు నోటికి వచ్చు. ఊరంతా వినపడేలా చెప్పాలని నాలుక దురద పెడుతూనే ఉంటుంది. ఇది చదివేవాళ్ళు తెలుగు చదవగలరు, అందుకని ఇక్కడ కూడా రాయడం లేదు.